బీడులో డ్రమ్ములు దించనిచ్చే ముందు: వ్యర్థాల కాంట్రాక్టులో బాధ్యత ఎవరి మీద పడుతుంది?



ఈ మధ్య కావలి, బోగోలు, అల్లూరు, గుడ్లూరు వైపు పొలాలకు వెళ్లినప్పుడు కొందరు రైతులు పైరు సంగతి కాకుండా వేరే ప్రశ్న అడుగుతున్నారు. "సార్, చవుడు బీడు ఎటూ ఖాళీగానే ఉంది. ఒక కాంట్రాక్టరు పదకొండు నెలలకు అద్దెకు అడుగుతున్నాడు. ఏవో డ్రమ్ములు, నల్లమట్టి పెట్టుకుంటాడట. ఇవ్వొచ్చా?" అని ఒకరు. "ట్రాక్టరుకు ట్రిప్పుకు మామూలు కంటే రెట్టింపు ఇస్తామంటున్నారు, కాకపోతే రాత్రిపూట తోలాలంట" అని ఇంకొకరు. "పల్లపు చేనుకు ఉచితంగా మట్టి తోలిస్తామంటున్నారు, మంచిదేగా?" అని మరొకరు.

ముగ్గురికీ ఒకటే జవాబు. ఆ సరుకు ఏమిటి, ఎక్కడి నుంచి వచ్చింది, దాని కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయి? ఈ మూడూ చేతికి వచ్చేదాకా పొలం ఇవ్వొద్దు, బండి కట్టొద్దు. ఎందుకో ఈ వ్యాసంలో చూద్దాం.

ఇప్పుడే ఈ మాట ఎందుకు?

మన తీరం మారుతోంది. రామాయపట్నంలో ఓడరేవు పనులు జరుగుతున్నాయి. జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బర్ వచ్చింది. రామాయపట్నం దగ్గర భారత్ పెట్రోలియం వారి రిఫైనరీ ప్రతిపాదన ఉంది. వీటితో పనులు వస్తాయి, పిల్లలకు ఉద్యోగాలు వస్తాయి. కాదనడం లేదు. కానీ రేవు, ఫ్యాక్టరీ, వర్క్‌షాపు ఉన్నచోట వాడేసిన ఇంజనాయిలు, ట్యాంకుల అడుగున మిగిలే నూనె మడ్డి, రసాయనాల ఖాళీ డ్రమ్ములు, పాత బ్యాటరీలు, నూనె కారిన మట్టి కూడా ఉంటాయి. వీటిని ఎత్తి శుభ్రం చేయడం ఒక పెద్ద కాంట్రాక్టు పని. పద్ధతిగా చేస్తే ఖర్చెక్కువ. ఆ ఖర్చు తప్పించుకోవాలనుకునేవాడి కళ్లు ముందుగా పడేది ఊరి చివర బీడు మీదే.

వచ్చిన ప్రతి కాంట్రాక్టరూ చెడ్డవాడని చెప్పడం లేదు. పద్ధతిగా పని చేసేవాళ్లు ఉన్నారు. అయితే వాళ్లు అడిగిన కాగితం అప్పుడే చూపిస్తారు, పగటిపూటే బండి తోలుతారు. పైగా వాళ్లకు మీ బీడు అవసరం ఉండదు. అనుమతి ఉన్న కేంద్రానికి నేరుగా పంపుతారు.

చట్టంలో మారింది ఏమిటి?

2025 జులైలో కేంద్ర ప్రభుత్వం కలుషిత ప్రదేశాల నిర్వహణకు కొత్త నియమాలు తెచ్చింది. పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద వచ్చిన నియమాలివి. అంతకుముందు ప్రమాదకర వ్యర్థాలను ఎలా ఉంచాలి, ఎలా తరలించాలి అనే నియమాలు ఉండేవి. కానీ అప్పటికే పాడైపోయిన నేలను ఎవరు శుభ్రం చేయాలి, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్నదానికి ప్రత్యేకమైన దారి లేదు. దేశంలో అప్పటికి గుర్తించిన కలుషిత ప్రదేశాలు 103 ఉంటే, శుద్ధి మొదలైనవి 7 మాత్రమే.

కొత్త నియమాల ప్రకారం అనుమానం ఉన్న ప్రదేశాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి. ఆ తర్వాత మరో మూడు నెలల్లో వివరంగా పరీక్షించి, అది కలుషిత ప్రదేశమో కాదో తేల్చాలి. కలుషితం చేసింది ఎవరో గుర్తించడానికీ 90 రోజుల గడువే. తేలినవారే శుద్ధి ఖర్చు భరించాలి. బాధ్యులు దొరక్కపోతే, దొరికినా కట్టలేకపోతే, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఏర్పాటు చేయాలి.

ఇందులో రైతు గమనించాల్సిన సంగతులు రెండు. ఒకటి, పరిశీలనకు గడువు ఉంది గానీ శుద్ధి ఎప్పటికి పూర్తి కావాలన్న గడువు లేదు. అంటే మీ చేను ఆ జాబితాలోకి ఎక్కితే ఎన్నేళ్లు బీడు పడి ఉంటుందో ఎవరూ చెప్పలేరు. రెండు, సముద్రంలో చమురు ఒలకడం, గనుల తవ్వకం, అణు వ్యర్థాలు, ఊరి చెత్త డంపింగు యార్డులు సాధారణంగా ఈ నియమాల కిందికి రావు. వాటికి వేరే చట్టాలున్నాయి.

బాధ్యత గొలుసు ఎలా ఉంటుంది?

ప్రమాదకర వ్యర్థాల నియమాలు, 2016 ప్రకారం వ్యర్థాన్ని పుట్టించిన సంస్థ మొదటి బాధ్యురాలు. దాన్ని తీసుకుని పారవేసే కేంద్రం నడిపేవారు కూడా బాధ్యులే. సరిగా నిర్వహించక పర్యావరణానికో, మూడో మనిషికో నష్టం జరిగితే వాళ్లు చెల్లించాలి. దారిలో జరిగే దానికి బాధ్యత పంపేవారిదో, తీసుకునేవారిదో, ఎవరు రవాణా ఏర్పాటు చేశారో వారిది. ఆ సంగతి రవాణా కాగితంలో స్పష్టంగా రాయాలి.

ఇంతవరకు బాగానే ఉంది. రైతును ఇరికించే మెలిక ఇంకొకటి ఉంది. చట్టంలో 'ఆక్యుపయర్' అనే మాటకు ఇచ్చిన అర్థంలో ఫ్యాక్టరీ నడిపేవారితోపాటు, ఆ వ్యర్థం ఎవరి అధీనంలో ఉంటే వారు కూడా వస్తారు. అంటే ఫ్యాక్టరీతో మీకు ఏ సంబంధం లేకపోయినా, మీరు ఒప్పుకుని మీ చేనులో దించుకున్న డ్రమ్ములకు మీరూ సమాధానం చెప్పాల్సి రావచ్చు.

ఎలా జరుగుతుందో ఒక్కసారి ఊహించండి. డ్రమ్ముల మీద లేబుళ్లు చింపేసి ఉంటాయి. కాంట్రాక్టరు ఫోను కలవదు. మేస్త్రీకి కంపెనీ పేరు తెలియదు. తనిఖీకి వచ్చిన అధికారికి దొరికే పేరు ఒక్కటే, అడంగల్‌లో, 1బిలో ఉన్న మీ పేరు. అద్దె ఒప్పందం మీద మీ సంతకం ఉంటుంది. 'తెలిసే ఇచ్చాడు' అనడానికి అది చాలు.

పర్యావరణ పరిరక్షణ చట్టం కింద జైలు శిక్ష బదులు జరిమానా పద్ధతి 2024 ఏప్రిల్ నుంచి వచ్చింది. ఆ జరిమానా 10 వేల రూపాయల నుంచి 15 లక్షల దాకా ఉండొచ్చు. శుద్ధి ఖర్చు అది కాక వేరే.

శుద్ధి ఖర్చు ఎంతుంటుందో మనకు తెలిసిన లెక్కలోనే చూద్దాం. పది సెంట్ల నేలలో ఒక్క అడుగు లోతు మట్టి పాడైందనుకోండి. ఆ మట్టి దాదాపు 120 ఘనపు మీటర్లు. బరువు 180 టన్నుల పైనే. పదికి పైగా టిప్పర్లు కావాలి. దాన్ని పక్క వాగులో పోయడానికి లేదు. విశాఖ దగ్గర పరవాడలో ఉన్నలాంటి, అనుమతి పొందిన కేంద్రానికే తోలాలి. మనకు అది 500 కిలోమీటర్లకు పైన. తోలకం ఖర్చు, అక్కడి రుసుము, తీసిన గుంతకు మంచి మట్టి, మళ్లీ పరీక్షలు. పదకొండు నెలల అద్దె ఇందులో ఏ మూలకూ రాదు.

మీకు తెలియకుండా రాత్రికి రాత్రి ఎవరో పోసిపోతే సంగతి వేరు. అందులో మీ తప్పు లేదు. కానీ తెలిసిన వెంటనే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండటమే మీ రక్షణ. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే కనిపిస్తుంది.

జరిగిన సంగతులు ఏం నేర్పుతున్నాయి?

మొదటిది పటాన్‌చెరు. అప్పటి మెదక్ జిల్లాలో ఫ్యాక్టరీల వ్యర్థజలాలు నక్కవాగులో కలిశాయి. వాగు వెంట రైతుల బోర్లు, చేలు పాడయ్యాయి. 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. మధ్యలో ఉమ్మడి శుద్ధి కేంద్రం కట్టారు. ఆ కేసు జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు మారి, 2017 అక్టోబరులో తీర్పు వచ్చింది. అంటే 27 ఏళ్లు. న్యాయం రైతు వైపు ఉన్నా, పదుల ఫ్యాక్టరీలు, ఒక ఉమ్మడి కేంద్రం ఉన్నచోట ఎవరి వాటా ఎంతో తేలడానికే కాలం గడిచిపోతుంది. కలుషితం కాకముందు ఒక్క సంతకం ఆపడం తేలిక. అయ్యాక కోర్టు చుట్టూ తిరగడంలో ఒక తరం గడిచిపోతుంది.

రెండోది రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిచ్ఛ్రీ గ్రామం. అక్కడ ఒక రసాయనం తయారీలో మిగిలిన మడ్డిని తొలగించమని కోర్టు చెబితే, కొంత గుంతల్లో వేసి, మిగతాది చెల్లాచెదురు చేసి పైన మట్టి కప్పేశారు. వానలకు అది భూమిలోకి దిగింది. బావుల నీళ్లు రంగు మారాయి, తాగడానికి, పారించడానికి పనికిరాలేదు. కలుషితం చేసినవారే శుద్ధికీ, నష్టానికీ చెల్లించాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. శుద్ధికి లెక్కగట్టిన 37 కోట్ల పైచిలుకు మొత్తాన్ని చక్రవడ్డీతో కట్టమని 2011లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. 'పైన మట్టి పోసి చదును చేశాం, శుభ్రమైపోయింది' అని ఎవరైనా అంటే బిచ్ఛ్రీని గుర్తు చేసుకోండి. కప్పడం వేరు, శుద్ధి చేయడం వేరు.

మూడోది మనకు దక్షిణాన ఉన్న ఎన్నూరు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదల్లో చెన్నై మనలి రిఫైనరీ ఆవరణ నుంచి నూనె బకింగ్‌హామ్ కాలువలోకి, అక్కడి నుంచి ఎన్నూరు కయ్యలోకి చేరింది. మన తీరం పక్కన పోయే బకింగ్‌హామ్ కాలువే అది. నష్టపోయిన మత్స్యకారులనే నూనె ఎత్తే పనికి పెట్టారు. మొదటి రోజుల్లో చాలామంది సరైన రక్షణ సామగ్రి లేకుండా బకెట్లతో, చేతులతో ఎత్తారు. కూలి వచ్చింది. కానీ ఒంటికి పట్టిన నూనెకు, రేపు వచ్చే జబ్బుకు బాధ్యత ఎవరిదో పనిలో దిగేముందు ఎవరూ వాళ్లకు కాగితం రాసివ్వలేదు.

నాలుగోది భోపాల్. 1984 గ్యాసు దుర్ఘటన జరిగిన ఫ్యాక్టరీలో మిగిలిన 337 టన్నుల విషపు చెత్తను 2025 జనవరిలో పన్నెండు కంటైనర్లలో పీథంపూర్‌కు తరలించి, జూన్ నెలాఖరుకు కాల్చడం పూర్తి చేశారు. ప్రజాధనం 126 కోట్లు ఇందుకు కేటాయించారు. కాల్చాక మిగిలిన బూడిద, వాడిన సున్నంతో కలిసి 850 టన్నులు దాటింది. ఇప్పుడు ఆ బూడిదను ఎక్కడ పూడ్చాలన్నదే పెద్ద తగువు. శుద్ధి చేశాక కూడా వ్యర్థం మిగులుతుంది. అందుకే కాంట్రాక్టరును 'శుభ్రం చేస్తారా' అని మాత్రమే అడిగితే చాలదు, 'మిగిలింది ఎక్కడికి పోతుంది' అని కూడా అడగాలి.

మన రాష్ట్రంలోనే 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. మరుసటి రోజే హరిత ట్రైబ్యునల్ ఆ కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చేయమంది. ప్రమాదకరమైన పని చేసేవారు తమ తప్పు లేదని తప్పించుకోలేరన్న సూత్రం 1986లోనే సుప్రీంకోర్టు చెప్పింది. చేతికి అందే ఆస్తి, పేరు, చిరునామా ఉన్న పెద్ద కంపెనీ కాబట్టి వెంటనే డిపాజిట్ రాబట్టగలిగారు. మీ దగ్గరకు వచ్చిన ఉప కాంట్రాక్టరుకు ఒక అద్దె జేసీబీ, ఒక సెల్ ఫోను తప్ప ఏమీ లేకపోతే, తీర్పు మీ వైపు వచ్చినా రాబట్టేది ఏముంటుంది?

కాంట్రాక్టరును ఎలా అంచనా వేయాలి?

ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని అడగండి. జవాబుతోపాటు జిరాక్సు కాపీ తీసుకోండి.

1. ఈ వ్యర్థం ఏ సంస్థది? ఆ సంస్థ మీకు పని అప్పగించినట్టు వర్క్ ఆర్డరు ఉందా? అందులో ఉప కాంట్రాక్టు ఇవ్వడానికి వీలుందా?

2. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రం ఉందా? అది ఎవరి పేరున, ఏ రకం వ్యర్థానికి, ఏ తేదీ వరకు, ఏ స్థలానికి? వేరే ఊరి సర్వే నంబరుకు ఇచ్చిన అనుమతి మీ చేనుకు చెల్లదు.

3. ప్రతి లోడుకూ మేనిఫెస్టు ఉందా? ఇది ఫారం 10, ఏడు రంగుల కాపీల్లో ఉంటుంది. పంపినవారు, తోలినవారు, తీసుకున్నవారు వరుసగా సంతకాలు పెడతారు. తీసుకునేవారి గడిలో అనుమతి ఉన్న కేంద్రం పేరు ఉండాలి. అక్కడ మీ పేరు గానీ మీ ఊరి పేరు గానీ ఉంటే వెంటనే ఆగిపోండి.

4. డ్రమ్ముల మీద ఫారం 8 ప్రకారం లేబులు ఉందా? డ్రైవరు దగ్గర ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే ఫారం 9 కార్డు ఉందా?

5. ప్రజా బాధ్యత బీమా చట్టం, 1991 కింద పాలసీ ఉందా? ఎవరి పేరున, ఎప్పటివరకు? 'మాకు ఇన్సూరెన్స్ ఉందండీ' అన్న మాట చాలదు. లారీ ఇన్సూరెన్సు చూపిస్తే అది వేరు, ఇది వేరు.

6. చివరికి ఇది ఎక్కడికి పోతుంది? అక్కడ తీసుకున్నట్టు రసీదు మాకు ఎన్ని రోజుల్లో ఇస్తారు?

ఆరింటిలో రెండుమూడింటికి 'అదంతా ఆఫీసు చూసుకుంటుంది' అనే జవాబు వస్తే, ఆ కాంట్రాక్టు మీకు వద్దు.

పొలం, ట్రాక్టరు, కూలి: మూడు సందర్భాలు

పొలం అద్దెకు అడిగితే: ప్రమాదకర వ్యర్థాలు నిల్వ చేయడానికి వ్యవసాయ భూమిని అద్దెకివ్వకపోవడమే మంచిది. 'నష్టం జరిగితే అంతా నేనే భరిస్తాను' అని కాంట్రాక్టరు స్టాంపు పేపరు మీద రాసిస్తానంటాడు. ఆ రాత మీకూ అతనికీ మధ్య మాత్రమే. ప్రభుత్వానికి గానీ, బోరు పాడైన పక్క రైతుకు గానీ ఆ కాగితం అడ్డం కాదు. మీరు ముందు చెల్లించి, తర్వాత అతని వెంట తిరగాల్సిందే. ఇంకో సంగతి. పదకొండు నెలలంటే మధ్యలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలు, తుపాన్లు తప్పకుండా వస్తాయి. తీరం వెంబడి మనవి ఇసుక నేలలు, నీళ్లు పైపైనే ఉంటాయి. ఒక్క వాయుగుండం చాలు, డ్రమ్ములో ఉన్నది మీ బోరులోకి, పక్కవారి రొయ్యల గుంటలోకి పోవడానికి.

నిర్మాణ పనికి మామూలు ఇసుక, కంకర, ఇనుము పెట్టుకోవడానికి అడిగితే ఇవ్వవచ్చు. అప్పుడు కూడా ఒప్పందంలో ఏ సరుకు పెడతారో పేరుపేరునా రాయించండి. 'వగైరా', 'ఇతర సామగ్రి' అనే మాటలు కొట్టేయించండి. ఇచ్చే రోజున నేల ఫొటోలు తీసి పెట్టుకోండి.

మట్టి ఉచితంగా తోలిస్తామంటే: ఎక్కడి తవ్వకం మట్టో చూసి రండి. నూనె వాసన, ఘాటు వాసన, రంగురంగుల నురగ, గట్టి నల్ల ఉండలు ఉంటే వద్దనండి. ఫ్యాక్టరీ మడ్డిని 'సేంద్రియ ఎరువు' అని చెప్పి తోలేవాళ్లు కూడా ఉంటారు. సంచి మీద తయారీదారు పేరు, లైసెన్సు, విశ్లేషణ లేనిది ఎరువు కాదు. ముత్తుకూరు వైపు థర్మల్ ప్లాంట్ల బూడిద సంగతి వేరు. దానికి 2021 డిసెంబరు 31 నాటి ప్రత్యేక నోటిఫికేషన్ ఉంది. అలాగని అడిగి తెలుసుకోకుండా దాన్నీ చేలో పోయించుకోవద్దు.

ట్రాక్టరు అడిగితే: వ్యవసాయానికి రిజిస్టరైన ట్రాక్టరుతో బాడుగకు ఇలాంటి సరుకు తోలితే, దారిలో ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ క్లెయిము కాదనవచ్చు. కేసు పడితే బండి స్టేషనులో ఉండిపోతుంది. దమ్ము వేళకు బండి లేకపోతే మీ సాగే ఆగిపోతుంది. ప్రమాదకర వ్యర్థాలు తోలడానికి తగిన బండి, శిక్షణ ఉన్న డ్రైవరు కావాలి. రాత్రిపూట, రెట్టింపు బాడుగ, కాగితం లేదు అనే మూడూ కలిసి వస్తే అది మంచి బేరం కాదు.

కూలికి పిలిస్తే: చమురు ఒలికినప్పుడో, గోడౌను ఖాళీ చేసేటప్పుడో ఊళ్లో వాళ్లను రోజుకూలికి పిలుస్తారు. చేతి తొడుగులు, బూట్లు, ముక్కుకు తగిన మాస్కు, కడుక్కోవడానికి నీళ్లు, సబ్బు ఇచ్చాకే దిగండి. గుడ్డ కట్టుకుంటే రసాయనాల ఆవిరి ఆగదు. హాజరు పుస్తకంలో పేరు రాయించుకోండి. కూలి వీలైతే బ్యాంకు ఖాతాలో వేయమనండి, అదే రేపు సాక్ష్యం. పనిలో హాని జరిగితే పరిహారం కాంట్రాక్టరు ఇవ్వాలి. అతను ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు యజమానిని అడిగే హక్కు చట్టంలో ఉంది. గర్భిణులను, పిల్లలను ఇలాంటి పనికి పంపకండి. పని బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకకండి.

ఇప్పటికే పోసి ఉంటే ఏం చేయాలి?

మొదటి పని, ముట్టుకోకండి, తగలబెట్టకండి, మట్టి కప్పకండి, పక్కకు నెట్టించకండి. నెట్టిస్తే ఆధారం పోతుంది, 'నువ్వే కదిలించావు' అంటారు. పశువులను, పిల్లలను అటు పోనివ్వకండి. పక్క బోరు, కాలువ నీళ్లు పారించడం ఆపండి.

రెండో పని, ఆధారం. తేదీ, సమయం కనిపించేలా ఫొటోలు, వీడియో తీయండి. డ్రమ్ముల మీద గుర్తులు, బండి నంబరు, టైరు జాడలు, పక్కన పైరు పరిస్థితి అన్నీ రావాలి. ఇద్దరు ఇరుగుపొరుగు రైతులను పిలిచి చూపించండి.

మూడో పని, అదే రోజు రాతపూర్వక ఫిర్యాదు. గ్రామ సచివాలయంలో, తహశీల్దారుకు, పోలీసు స్టేషన్లో, నెల్లూరులోని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఇచ్చి, ప్రతిచోటా అందినట్టు సంతకం, ముద్ర తీసుకోండి. కావలి ఆర్డీవోకు కూడా ఇవ్వండి. నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద, ప్రజలకు హాని చేసే దాన్ని తొలగించమని ఆదేశించే అధికారం ఆ స్థాయి అధికారికి ఉంది. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెడితే నంబరు వస్తుంది. అర్జీలో 'ఈ స్థలాన్ని 2025 కలుషిత ప్రదేశాల నియమాల కింద అనుమానిత ప్రదేశంగా పరిశీలించాలి' అన్న వాక్యం తప్పక రాయండి. మండలికి ఆ సమాచారం చేరితేనే పైన చెప్పిన 90 రోజుల లెక్క మొదలవుతుంది.

నాలుగో పని, పరీక్ష. రైతు సేవా కేంద్రం ద్వారా పంపే మామూలు మట్టి పరీక్షలో ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం, పోషకాలు చూస్తారు. సీసం, కాడ్మియం, క్రోమియం, నూనె అవశేషాలు అందులో రావు. 'మట్టి పరీక్షలో బాగానే వచ్చింది' అని నిశ్చింతగా ఉండొద్దు, 'మీ మట్టి బాగుందిగా' అని కాంట్రాక్టరు ఆ కాగితం చూపిస్తే నమ్మొద్దు. భార లోహాలకు, నూనెలకు గుర్తింపు ఉన్న వేరే ప్రయోగశాల కావాలి. కోర్టులో నిలిచేది మండలి అధికారులు పద్ధతి ప్రకారం తీసిన నమూనా. కాబట్టి వాళ్లనే తీయమని రాతలో అడగండి. మీరు సొంతంగా తీయించుకుంటే పాడైన చోటుదీ, దూరంగా బాగున్న చోటుదీ విడివిడిగా తీయండి, కలపకండి. నీటి నమూనా నూనెకైతే గాజు సీసాలో, లోహాలకైతే శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టండి.

ఇంకా ఏ ముప్పూ రాని రైతులకు ఒక సలహా. ఓడరేవు, పరిశ్రమల ప్రాంతాలకు దగ్గరగా చేను ఉంటే, ఇప్పుడే ఒకసారి బోరు నీరు, మట్టి పరీక్ష చేయించి కాగితం దాచుకోండి. రేపు నష్టం జరిగితే 'ముందు నుంచే అలా ఉంది' అనే వాదనకు అదొక్కటే జవాబు. ఎక్కడ చేయించాలో నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను అడగవచ్చు.

పరిహారం గడువులు మరచిపోవద్దు

జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టం, 2010 కింద మన రాష్ట్రానికి చెన్నైలోని దక్షిణ మండల బెంచి ఉంది. పర్యావరణ వివాదం మీద వెళ్లాలంటే కారణం ఏర్పడిన ఆరు నెలల్లో వెళ్లాలి. పంట నష్టానికి, ఆస్తి నష్టానికి పరిహారం, నేల పునరుద్ధరణ అడగాలంటే ఐదేళ్ల గడువు ఉంది. తగిన కారణం చూపితే రెండింటికీ మరో 60 రోజులు ఇవ్వవచ్చు. పరిహారం అడిగితే కోరిన మొత్తంలో ఒక శాతం రుసుము ఉంటుంది. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు.

ప్రమాదకర పదార్థాల ప్రమాదంలో తక్షణ సాయానికి ప్రజా బాధ్యత బీమా చట్టం కింద కలెక్టరుకు దరఖాస్తు పెట్టవచ్చు. ఇక్కడ ఎవరి తప్పో రైతు నిరూపించాల్సిన పని లేదు. లాయరుకు ఇచ్చుకోలేనివారు న్యాయ సేవాధికార సంస్థను 15100 నంబరులో అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

పంట నష్టాన్ని రుజువు చేయాలంటే సాగు చేసినట్టు రుజువు ఉండాలి. ఈ-పంటలో పేరు నమోదు చేయించుకోండి. కౌలు రైతులైతే ఇది మరీ ముఖ్యం. భూమి యజమాని సంతకం పెట్టి అద్దె తీసుకుంటే, పైరు పోయేది మీది. మీరు సాగు చేస్తున్న చేను పక్కన ఇలాంటి బేరం జరుగుతోందని తెలిస్తే ముందే అభ్యంతరం రాసివ్వండి.

చివరగా ఒక మాట. గ్రామంలో ఒక్కరు ఒప్పుకుంటే నష్టం ఆ ఒక్కరితో ఆగదు. భూగర్భ జలానికి గట్లు లేవు. అందుకే ఇలాంటి బేరం ఎవరి దగ్గరికి వచ్చినా గ్రామసభలో మాట్లాడుకోండి. అనుమతి పత్రం, మేనిఫెస్టు చూడనిదే ఏ బండినీ ఊళ్లోకి రానివ్వకూడదని పంచాయతీ తీర్మానం చేసుకోండి. కాగితం చదవడం కష్టమైతే మీ గ్రామ వ్యవసాయ సహాయకుడి దగ్గరకో, మా కార్యాలయానికో తీసుకురండి, కూర్చుని చదువుదాం. సంతకం పెట్టకముందే తీసుకురండి.